కండక్టర్ కాకా కొలిచిన కిలోమీటర్లు

కాకా పోయాడన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చింది తాయమ్మ.

పొద్దున పూజ అయి, హారతి పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. గేటు చప్పుడైంది. తాయమ్మ మా వీధి చివరి అంగన్‌వాడీలో ఆయా. మా గడప తొక్కక ఏడాది దాటింది. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే కూర్చుంది.

"అక్కా, కండక్టర్ కాకా పోయిండు. తెల్లారి లేచి చాయ్ పెట్టియ్యమన్నడంట. చాయ్ తెచ్చేటాలకు మనిషి లేడు."

నేను పళ్ళెం కింద పెట్టి దండం పెట్టుకున్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని అసలు మాట అన్నది.

"ఆయన పేరు నేనే చెడగొట్టిన అక్కా. ఊరందరి ముందల ఆయన తయారు చేసిన మనిషి బండెక్కి వచ్చింది. జర మాఫీ అడగాలె, జర మాఫీ అడగాలె అనుకుంటనే ఏడాది పాయె. అడగనే లేదు."

ఆ మాటకు జవాబు నా దగ్గర ఏడాదిగా ఉంది. అప్పుడు కూడా నా నోట రాలేదు. "పద, చూసొద్దాం" అన్నాను.

ఆయన ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బస్సులో కండక్టరు. మా రాయచూరు నుంచి దేవదుర్గ, మాన్వి, సింధనూరు, ఇవే ఆయన దారులు. సంచీ మోసీ మోసీ ఎడమ భుజం ఒక వేలెడు కిందికి దిగిపోయింది. ఏ కాగితం ఇచ్చినా నిలువునా మడిచి రెండు వేళ్ళ సందున ఇరికించుకునేవాడు. ఆయన దగ్గర ఉరుకుడు నేర్చుకునే మా పేర్ల జాబితా కూడా అక్కడే ఉండేది. ఆయన ఉరుకుతుంటే చూడాలి. కదిలే బస్సులో నడిచే మనిషిలాగే ఉరికేవాడు: కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కాస్త వంచి, ఎక్కడ కుదుపు వస్తుందో ముందే తెలిసినట్టు. మెడలో దారానికి సీటీ, కండక్టరు ఈల. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. నోటితో "ఆగండి" అన్న పాపాన పోలేదు.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు, తర్వాత భక్తి పుస్తకాలు చదువుకుని మిగతాది నేర్చుకున్నాను. గుడి, బజారు, చుట్టాల ఇళ్ళు, నా తిరుగుడంతా అంతే. నలభై ఆరో ఏట షుగరు వచ్చింది. డాక్టరమ్మ నడవమంటే, పత్తి జిన్నింగు మిల్లుల వెనక రోడ్డున పొద్దున్నే నడవడం మొదలుపెట్టాను. పత్తి కాలంలో ఆ రోడ్డు పక్క తుమ్మలకు దూది పట్టుకుని పూసినట్టు కనిపిస్తుంది. ఒక రోజు వెనకనుంచి రెండు సీటీలు వినబడ్డాయి. తిరిగి చూశాను.

"ఏంది తల్లీ, గిట్ల నడిస్తే సింధనూరు బస్సు పోతది. ఉరుకు."

"నేనా? ఉరుకుడా? ఈ వయసుల?"

"వయసుకు టికెట్ లేదు. హత్తు హత్తు, ఎక్కు, బండి ఖాళీగనే ఉంది."

బండి అంటే ఆయన వెనక ఉరికే గుంపు. అందులో అప్పటికే ఏడెనిమిదిమంది ఆడవాళ్ళున్నారు. పంజాబీ డ్రెస్సుల వాళ్ళు, చీర దోపుకున్న వాళ్ళు. అందరికంటే వెనక, చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని, తాయమ్మ. మగవాళ్ళ గుంపు వేరు. వాళ్ళకూ ఆయనే గురువు. వాళ్ళు రోడ్డు ఆ చివర మొదలుపెట్టేవాళ్ళు, మేము ఈ చివర.

ఆరు నెలలకు నా షుగరు దిగింది. మోకాళ్ళ నొప్పి పోయింది. అంతకంటే పెద్దది, ఇంటి బయట గాలిలో నేనొక్కదాన్నే నా కాళ్ళ మీద పోవడం ఎట్లా ఉంటుందో తెలిసింది. దేవుడు కొందరి దగ్గరికి గురువులను పంపిస్తాడు, నా దగ్గరికి పంపినవాడి మెడలో సీటీ కట్టి పంపాడని మురిసిపోయాను. రోజూ దీపం పెట్టేటప్పుడు మా వాళ్ళందరి పేర్ల తర్వాత ఆయన పేరు చెప్పుకునేదాన్ని.

దూరాల విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. "దేవదుర్గకు ఎంత కాకా?" అంటే చాలు, మధ్యలో ప్రతి స్టేజీ, ప్రతి మలుపు, ఏ మైలురాయి కూలిపోయిందో, దాన్ని ఎవరు ఎత్తుకుపోయి బట్టలుతుకుతున్నారో అన్నీ చెప్పేవాడు. అట్లాంటి మనిషి మా రోడ్డు అంచున సున్నంతో తెల్ల గీతలు వేశాడు. ఒక గీతకు ఇంకో గీతకు మధ్య ఒక కిలోమీటరు. వాటినీ స్టేజీలనే అనేవాడు. అదే రోడ్డు మీద అక్కడక్కడ జాజుతో ఎర్ర గీతలు కూడా ఉండేవి. అవెందుకని తాయమ్మే ఒకసారి అడిగింది.

"అవి మగోళ్ళయి. వాళ్ళు ఆ కడకెల్లి మొదలుపెడ్తరు గద. వాళ్ళ లెక్క వేరే."

అడగడానికి ఇంకేముంది?

ఫోన్లు ఇంట్లో పెట్టి రావాలన్నది ఆయన నియమం. "ఉరికేటప్పుడు ఫోను మోగితే సగం మనిషి ఇంటికి పోతది" అనేవాడు. మా అమ్మాయి ఒకసారి దూరం చూపించే చేతి గడియారం పంపింది. మొదటి గీత దగ్గర చూస్తే ఎనిమిది వందల మీటర్లని చూపించింది. తీసుకుపోయి ఆయనకు చూపించాను.

ఆయన దాన్ని చేతిలో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇది ఆసమాన్ దిక్కు చూసి లెక్క చెప్తది. నేను రోడ్డు దిక్కు చూసి చెప్త. నీకు ఎవరి మీద నమ్మకం?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆ సాయంత్రమే అమ్మాయికి ఫోన్ చేసి, గడియారం చెడిపోయినది పంపావు, వెనక్కి ఇచ్చేయమ్మా అని చెప్పాను.

నాకు గడియారం అక్కర్లేదు కూడా. ఉరుకుతూ రామనామం అనుకోవడం నా అలవాటు. అయిదు అడుగులకు ఒక నామం. కుడి చేతి కణుపుల మీద బొటనవేలితో లెక్క. నూట ఎనిమిది అయితే ఒక మాల. ఒక తెల్ల గీత నుంచి ఇంకో గీతకు సరిగ్గా రెండు మాలలు. ఎండైనా చలైనా అంతే. గీత కనబడకముందే నామం నాకు చెప్పేది.

నేను గుంపులో చేరిన రెండో ఏడు మా ఊళ్ళో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని తెలిసింది. గంటన్నర గడువు. గడువు దాటిన వాళ్ళను వెనక వచ్చే బండి ఎక్కించుకుంటుంది. లోపల పూర్తి చేసిన వాళ్ళకు మెడలో పతకం వేస్తారు. కాకా మమ్మల్ని రెండు నెలలు తయారు చేశాడు. చివరి ఆదివారం తెల్ల గీతల మీద పది కొట్టించాడు. నాకు గంటా పది నిమిషాలు. తాయమ్మకు గంటా ఇరవై.

"ఇంకా పది నిమిషాలు జేబుల ఉన్నయ్ తాయమ్మా. పతకం నీదే, రాసిపెట్టుకో," అన్నాడు.

తాయమ్మ రాసిపెట్టుకోవడం కాదు, ఊరంతా చెప్పింది. అంగన్‌వాడీ పిల్లలకు చెప్పింది, సోమవారం పతకం తెచ్చి అందరి మెళ్ళో ఒక్కొక్కసారి వేస్తానని. ఆమె పెనిమిటి, "ఉరుకుతదంట, గిన్నెలు తోమ పో" అని నవ్వితే, "గిన్నెలు తోమిన చేతులకే పతకం పట్టుకొస్త చూడు" అని వాకిట్లో నిలబడి అందరూ వినేట్టు అన్నది. తాయమ్మ తన బతుకులో గెలుస్తానని ముందుగా నోరు తెరిచి చెప్పుకున్నది అదొక్కటే.

పరుగు రోజు తెల్లవారుజామున స్టేడియంలో మైకు, డోలు, అరటిపండ్ల గంపలు. నంబరు గుడ్డను నా పిన్నీసులతో తాయమ్మ రొమ్ము మీద పెట్టాను. కాకా మా ఇద్దరి ముందు నిలబడి, "దిగకుండ కూసున్నోడే ఊరు చేరుతడు. నడుమల దిగొద్దు" అని రెండు సీటీలు కొట్టాడు. జనంలో మొదలయ్యాం. స్వామికి దండం పెట్టుకుని నేను నామం ఎత్తుకున్నాను.

రెండు మాలలు అయ్యాయి. మొదటి కిలోమీటరు బోర్డు కనబడలేదు. జనం ఒత్తిడిలో అడుగు చిన్నదైందేమో అనుకున్నాను. మూడో మాల సగమయ్యాక బోర్డు వచ్చింది. సరే, లెక్క తప్పానేమో. రెండో కిలోమీటరుకు కణుపు కణుపునా వేలు గట్టిగా నొక్కి లెక్కపెట్టాను. మళ్ళీ రెండున్నర మాలలు. మూడో బోర్డుకూ అంతే. కోట గోడ పక్కన పోతున్నాం. ఎండ ఇంకా రాలేదు. నామం తప్పలేదు. అడుగు తప్పలేదు. తప్పింది ఒకటే ఉంది, దాన్ని నేను మనసులో కూడా అనలేకపోయాను.

వెనక్కి తిరిగి చూశాను. తాయమ్మ దూరంగా, ఎప్పటి నడకతోనే, ఎప్పటి ధీమాతోనే వస్తోంది. పది నిమిషాలు జేబులో ఉన్నాయని ఆమె లెక్క. నేను ఆగి చెప్పి ఉండవలసింది. "తాయమ్మా, దూరం ఎక్కువుంది, ఇప్పటినుంచే జోరు పెంచు" అని ఒక్క మాట. ఆగితే నేనూ అందుకోలేనని భయపడ్డాను. ఆగలేదు.

గడువు తీరడానికి రెండు మూడు నిమిషాలుండగా గీత దాటాను. మెడలో పతకం పడింది. దాన్ని పట్టుకుని దారి దిక్కు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి బండి వచ్చింది. తొమ్మిదో బోర్డు దాటిన తర్వాత తాయమ్మను ఎక్కించుకున్నారట. దిగనని కమ్మీ పట్టుకుని కూర్చుంది. డ్రైవరు కన్నడలో, "ఇళీరి అమ్మా, ఆయ్తు" అని, దిగమ్మా, అయిపోయింది అని బతిమాలుతున్నాడు. దించి, నా మీద వాల్చుకున్నాను.

"నాకేమైంది అక్కా? కాళ్ళు మంచిగనే ఉండె. ఎప్పటి లెక్కనే ఉరికిన. ఇయ్యాలే ఎట్ల సరిపోలే?"

కాకా అక్కడే ఉన్నాడు. విన్నాడు. "పోనీ తాయమ్మా, అందరి కాళ్ళు ఒక తీరుంటయా" అని ఆమె తల మీద చెయ్యి వేశాడు.

ఆ మాటను నేను మరచిపోలేను. అబద్ధం గీతలు గీసినప్పటికంటే, ఆ చెయ్యి వేసి ఆ మాట అన్నప్పుడే ఆయన నన్ను ఎక్కువ మోసం చేశాడనిపిస్తుంది.

మర్నాడు ఒక్కదాన్నే మిల్లుల రోడ్డుకు పోయాను. మగవాళ్ళ గుంపులో ఒకాయన ఉరుకుడు ముగించి బూటు దులుపుకుంటున్నాడు. ఎర్ర గీత చూపించి, తెల్ల గీత చూపించి, ఏది నిజమని అడిగాను. ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు, పిల్లలను చూసి నవ్వే నవ్వు.

"అరె, మీకు తెల్వదా అమ్మా? ఎర్రది అసలుది. తెల్లది ఆడోళ్ళ కిలోమీటరు. కాకా మీకు రియాయితీ ఇచ్చిండు, హాఫ్ టికెట్!"

వాళ్ళందరికీ తెలుసు. రెండేళ్ళుగా మేము ఏడు కొట్టాం, ఎనిమిది కొట్టాం అని చెప్పుకుంటూ పోతుంటే, ఎదురొచ్చి "శభాష్ అక్కా" అన్న ప్రతి మగవాడికీ తెలుసు.

కాకా వచ్చేదాకా నిలబడ్డాను. నా ముఖం చూసి ఆయన సీటీ కొట్టలేదు.

"ముందుగాల మీ లెక్కనే పదహారుమంది వచ్చిన్రు తల్లీ. నిజం కొలిచిన. నెలకు ఒక్కరు లేరు. ఎంత ఉరికినా గీత రాకపాయె అని ఒక్కొక్కరే దిగిపోయిన్రు. తర్వాతి సారి గీత జర దగ్గర గీసిన. మీరు ఉన్నరు. నీకు షుగరు తగ్గిందా లేదా? అది అబద్ధమా?"

"అది నిజమే కాకా. దండం పెడ్త దానికి."

"మరి నిజం చెప్తే మీరు ఉంటుండిరా?"

"నేనుంటుంటి," అన్నాను. "నువ్వు అడగనే లేదు గద."

ఆయన కాలితో తెల్ల గీతను కాస్త గీకాడు. నేనే అన్నాను, "తాయమ్మకు చెప్పు. ఆమె తన కాళ్ళల్ల లోపమనుకుంటుంది."

"చెప్త. శివరాత్రి లోపల చెప్త. నువ్వు మాత్రం చెప్పకు తల్లీ. నీ నోట వస్తే ఊళ్ళ నా మాట పోతది. ముప్పై ఏండ్లు దూరం చెప్పి బతికినోన్ని."

నాకు ప్రాణం పోసినట్టు చేసిన మనిషి చేతులు జోడించాడు. మాట ఇచ్చాను.

శివరాత్రి పోయింది. ఉగాది వరకు అన్నాడు. అదీ పోయింది. శివరాత్రికి ముందే, ఇంకా చలి ఉండగానే, ఒక పని చేశాడు. ఒక పొద్దున వచ్చి చూస్తే తెల్ల గీతలు జరిగి ఎర్ర గీతలకు సమానంగా ఉన్నాయి. ఎవరికీ ఏమీ చెప్పలేదు. "ఏంది కాకా, ఇయ్యాల దూరమైనట్టుంది?" అని ఒకామె రొప్పుతూ అడిగితే, "చలికి కాళ్ళు పట్టుకున్నయ్, అంతే" అన్నాడు. ఆ నెలలో ముగ్గురు మానేశారు, తమకు వయసు మీద పడిందని. వాళ్ళు మానేసిన రోజు ఆయన నా వంక చూశాడు, చూసినవా, నేను చెప్పలేదా అన్నట్టు. గీతను సరిచేశాడు, అబద్ధాన్ని సరిచేయలేదు. ఆ తర్వాత నేను ఆ గుంపులోకి పోలేదు. స్టేషను వెనక రోడ్డున ఒక్కదాన్నే ఉరుకుతున్నాను. ఎప్పుడైనా ఎదురుపడితే రోడ్డు అవతలనుంచి రెండు సీటీలు కొట్టేవాడు. నేను తల ఎత్తేదాన్ని కాదు. అయినా దీపం దగ్గర ఆయన పేరు మాత్రం మానలేదు. అది మానడం నాకు చేతకాలేదు.

తాయమ్మ ఆ పరుగు తర్వాత మళ్ళీ రోడ్డెక్కలేదు. సోమవారం పిల్లలు "పతకం ఏదీ" అని చుట్టూ చేరితే, కాకి ఎత్తుకుపోయిందని చెప్పిందట. వాళ్ళు చాలా రోజులు కాకులను తిట్టారట.

కబురు తెలిసిన ఆ పొద్దున మేమిద్దరం కాకా ఇంటికి పోయాం. వాకిట్లో పడుకోబెట్టారు. మనుషులు చాలామంది వచ్చారు, బస్సు డిపో వాళ్ళు, పరుగుల వాళ్ళు. తాయమ్మ నేరుగా పోయి ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "తప్పయింది కాకా, నీ పేరు పోగొట్టిన" అని ఏడ్చింది. ఆయన భార్య ఆమెను లేపి, "పోనియ్ బిడ్డా, ఆయన అట్లాంటివి మనసుల పెట్టుకునేటోడు కాదు" అన్నది. క్షమించింది, పాపం, ఆ తల్లికి తెలియదు.

తప్పు చేయని మనిషి, తప్పు చేసినవాడి కాళ్ళు పట్టుకుని మాఫీ తీసుకుంటుంటే నేను పక్కన నిలబడి చూశాను. దేవుడు ఎన్నో చూపిస్తాడు. అంత సిగ్గు ఇంకెప్పుడూ చూపించలేదు.

తిరిగి వస్తుంటే మిల్లుల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అంతా చెప్పాను. గీతలు, గడియారం, మాలలు, ఎర్ర జాజు, శివరాత్రి, ఉగాది, అన్నీ. ఆమె కళ్ళార్పకుండా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"అయితే ఆ దినం నేనెంత ఉరికినట్టు అక్కా?"

"తొమ్మిది దాటినవ్. అసలు తొమ్మిది. కాకా గీతల లెక్కన పదకొండు దాటినవ్. ఆయన నిన్ను పదికి తయారు చేసిండు. పది ఎప్పుడో అయిపోయింది, ఆ తర్వాత ఇంకా ఉరికినవ్."

"పదకొండా?"

"పదకొండు."

ఆమె ముఖంలో ఏదో లేచింది. నవ్వబోతుందనుకున్నాను. అంతలో ఆ ముఖం నా వైపు తిరిగింది.

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

"పరుగుల నడుమనే అనుమానమొచ్చింది. తెల్లారి ఖాయమైంది."

"ఏడాది సంది ఎరుక నీకు."

"మాటిచ్చిన చెల్లె. ఆయన చేసిన మేలుకు…"

"మేలు నీకు చేసిండు. మాట ఆయనకిచ్చినవ్. నడుమల నేనేమైన అక్కా?"

చెయ్యి విడిపించుకుంది. ముందుకు నడిచింది. కొంచెం దూరం పోయాక ఆ నడక ఉరుకుడయింది. చీర మీద, చెప్పులతో, ఆ తెల్ల గీతలేవీ చూడకుండా పోయింది. నేను వెనక పోతే అందుకునేదాన్నే. పోలేదు. ఆమె నన్ను రమ్మనలేదు.

ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. అది న్యాయమే. ఆయనకు కృతజ్ఞత చెప్పడానికి మా ఊళ్ళో చాలామంది ఉన్నారు, నేనూ ఉన్నాను, ఆయన ఆత్మకు శాంతి కలగాలని రోజూ అడుగుతున్నాను. ఇది చదివిన మీరు మాత్రం నా కోసం ఆయన్ను తలచుకోనక్కర్లేదు. తాయమ్మను గుర్తుంచుకోండి. అంగన్‌వాడీ ఆయా తాయమ్మ ఆ రోజు ఎవరి సాయమూ లేకుండా, ఎవరూ నిజం చెప్పకుండా, తన కాళ్ళ మీద తొమ్మిది కిలోమీటర్లు దాటి ఉరికింది. ఆమె కాళ్ళల్లో ఏ లోపమూ లేదు.